వస్తే నాకే రావాలి

మా కంట్రోల్ రూములో ముందు వరసలో పన్నెండు సీట్లు. ఏడోది సత్యకుమారక్కది, ఎనిమిదోది నాది. ఈ అరబ్బుల నగరంలో ఎవరికి గుండె పట్టేసినా, ఎవరు పరంజా మీద నుంచి జారినా, ఎవరికి నొప్పులు మొదలైనా ఫోను ముందు మోగేది మా చెవుల్లో. అంబులెన్సును పంపేది మేమే గానీ దాని మొహం మేమెప్పుడూ చూడం. మా ఉద్యోగానికి కాగితం మీద ఉన్న పేరు కాల్ టేకర్, లెవల్ వన్. లెవల్ టూ కూడా ఒకటుందంటారు. మా వరసలో ఎవరూ దాన్ని చూసిన పాపాన పోలేదు.

ఇక్కడ పని నేర్చుకోవడం కష్టం కాదు, నోరు కట్టుకోవడం కష్టం. ముందు ఎక్కడున్నారో అడగాలి, ఆ తర్వాతే ఏమైందని అడగాలి. మధ్యలో లైను తెగిపోయినా బండి వెళ్లడానికి చోటు తెలిసుండాలి కదా. మన పేరు చెప్పకూడదు, సీటు నంబరే చెప్పాలి. ఎదురుగా కార్డులో ఉన్న ప్రశ్నలే అడగాలి. ఫోను చేసినవాళ్లు మనకు తెలిసినవాళ్లైతే వెంటనే చెయ్యెత్తి పక్క సీటుకు ఇచ్చేయాలి. అంబులెన్సువాళ్లు గుమ్మంలోకి రాగానే తెర మీద పచ్చగుర్తు వెలుగుతుంది, అప్పుడు హెడ్‌సెట్ తీసేయాలి. తర్వాత ఏమైందని ఎవర్నీ అడగకూడదు. బతికారా లేదా అన్నది మాకు సంబంధం లేని విషయమట. ఈ చివరి రూలు రాసినవాడు జన్మలో ఒక్క ఫోనైనా ఎత్తి ఉండడని నా గట్టి నమ్మకం.

నేను చేరిన మొదటి వారంలో జెబెల్ అలీ కూలీల క్యాంపు నుంచి భోజన్న అనే ఆయన ఫోను చేశాడు. రూములో మనిషి పడిపోయాడు. నా తెలుగు వినపడేసరికి ఆయనకు ఏడుపు ఆగలేదు. "ఎక్కడున్నరన్నా, అడ్రస్ చెప్పుండ్రి" అన్నాను. "మాది రాయికల్ మండలం చెల్లే, జగిత్యాల జిల్లా" అంటూ ఊరు, వాడ, ఇంటి పక్క కిరాణా దుకాణంతో సహా చెప్పుకొచ్చాడు. నాదీ అటువైపే కాబట్టి నేనూ మతిపోయి రాసుకుంటున్నాను. సత్యకుమారక్క పక్క నుంచి నా లైనులోకి దూరి, "అన్నయ్యగారండీ, మీ రూము తలుపు మీద రేకుంటాది, దాని మీద నంబరు సదవండి" అంది. అర నిమిషంలో బండి కదిలింది.

"ఎక్కడున్నారంటే మనోళ్లు ఊరే చెప్తారే. ఒళ్లు ఇక్కడున్నా ఆళ్లు ఉండేది అక్కడే కదా" అంది తర్వాత.

ఆ లెక్కన చూస్తే సత్యకుమారక్క ఉండేది కోనసీమలో కాదు, అల్ వర్సాన్‌లో మేమిద్దరం పంచుకునే గదిలోనూ కాదు. ఖవానీజ్‌లో ఒక ఇంట్లో. ఆ సంగతి నాకు ఆరు నెలలు పోయాక కంపెనీ బస్సులో తెలిసింది.

ఆమె సొంతూరు మామిడికుదురు పక్కన. పెళ్లయి ఏడేళ్లైనా పిల్లలు పుట్టలేదు. మొగుడు ఇంకొకామెను ఇంటికి తెచ్చుకున్న రోజునే ఈమె పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకుంది. రెండు వేల పదమూడులో ఖవానీజ్‌లో అరబ్బుల ఇంట పనికి కుదిరింది. ఇంట్లో భార్యాభర్తలు, అత్తగారు. ఆ అత్తగారిని ఈమె మామా కబీర్ అని పిలిచేది, పెద్దమ్మగారని. అరబ్బీ నేర్పింది ఆవిడే. పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ సీసా తెచ్చివ్వడం, ఆవిడ తొడకు సూది పొడుచుకుంటుంటే ఖర్జూరాల గురించి, సముద్రం గురించి కబుర్లు వినడం, అదీ ఈమె బడి. మామా కబీర్‌కు ఒక పట్టింపు. నీళ్లైనా, మందైనా, కాఫీ అయినా నీలం అంచున్న తన ఫింజాన్‌లో పోసివ్వాలి. మన టీ గ్లాసులో సగం కూడా ఉండని, చెవి లేని చిన్న కప్పు అది. గ్లాసులో ఇస్తే మొహం తిప్పేసుకునేదట.

రెండేళ్లకు ఆ ఇంట్లో పాప పుట్టింది. షమ్మ. తల్లి మైథా ఉద్యోగస్తురాలు. పాపకు స్నానం, తిండి, నిద్ర అన్నీ సత్యకుమారక్క చేతుల మీదే. పాప ఎక్కడైనా పడితే దెబ్బ మీద ఉఫ్‌మని ఊది, "పోయింది పోయింది, ఏం లేదు తల్లీ, ఏం లేదు" అనేది. మూడేళ్లొచ్చేసరికి పాప తండ్రితో అరబ్బీ, స్కూల్లో ఇంగ్లీషు, ఈమెతో గోదావరి తెలుగు మాట్లాడేది. "'నానీ, నాకు బువ్వొద్దు, ఆవకాయెయ్యి' అనేదే బాబూ" అని చెప్పి నవ్వేది సత్యకుమారక్క. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. పరాయి పిల్ల మీద అంత పిచ్చేమిటి మనిషికి?

రెండు వేల ఇరవై జనవరిలో, ఏదో పెళ్లికి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి షమ్మ అన్నం ముట్టలేదు. జ్వరం లేదు, డాక్టరు ఏమీ లేదన్నాడు. ఈమెకు తోచింది ఒకటే, దిష్టి. వాళ్లమ్మ పేరమ్మ ఊళ్లో ఎలా తీసేదో అలాగే తీసింది. గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు, దువ్వెనలో చిక్కుకున్న పాప జుట్టు. మూడుసార్లు తిప్పి మామా కబీర్ సాంబ్రాణి నిప్పుల మీద వేసింది. మిరప ఘాటుకు ఇల్లంతా దగ్గు. ఆ దగ్గుకే మైథా పరిగెత్తుకొచ్చింది. నిప్పుల పక్కన పాప జుట్టు పోగు కనిపించింది.

అక్కడ జుట్టు పట్టుకుని చేసేది ఒకటే, చేతబడి. పోలీసు కేసు అయ్యేంత మాట అది. మన ఊళ్లో ప్రతి తల్లీ చేసే పని ఆ ఇంట్లో చేస్తే అర్థం మారిపోతుందని ఈమెకు తట్టలేదు. ఏడేళ్లు అక్కడే ఉండీ తట్టలేదు, ఎందుకంటే అది పరాయి ఇల్లని ఎప్పుడో మర్చిపోయింది.

మైథా అరవలేదు. పాపను ఎత్తుకుని వణికిపోతూ ఏడ్చిందట. మామా కబీర్ మాత్రం కోడలితో, "నేను ఊదు పొగ వేసేది దేనికి? కన్ను తగలకూడదనే కదా. ఇదీ అదే చేసింది" అంది. పోలీసుల దాకా పోనివ్వలేదు, ఇంకోచోట పనికి చేరొచ్చని కొడుకు చేత రిలీజు కాగితం రాయించింది. కానీ భయపడ్డ తల్లి ముందు ఆవిడ మాట అంతకు మించి సాగలేదు. మర్నాడు షమ్మ స్కూల్లో ఉండగా పెట్టె కారెక్కింది.

"సెప్పి రాలేదే కల్పనా. సాయంత్రం బస్సు దిగి నానీ అని పిలుత్తాది కదా, ఎవరు పలికుంటారే?" అనేది. నాలుగేళ్లలో ఈ ప్రశ్న నన్ను ఎన్నిసార్లు అడిగిందో.

ఆ తర్వాత రెండు నెలలకే కరోనా. క్యాంపులు మూసేశారు. వేరే పని వెతుక్కుంటూ ఈమె చేరిన అల్ వర్సాన్‌లో చిక్కుకున్న ఆడవాళ్లలో అరబ్బీ, హిందీ, తెలుగు మూడూ దడదడా మాట్లాడేది ఈమె ఒక్కతే. క్వారంటైన్ ఫోన్లకు మనుషులు చాలక కూర్చోబెట్టారు. అక్కడ నుంచి, పదో తరగతి మాత్రమే చదివిన మనిషి పరీక్ష రాసి, ఈ ఏడో సీటుకు వచ్చింది. డిగ్రీ చదివి, హైదరాబాదులో రెండేళ్లు కాల్ సెంటర్‌లో చేసి వచ్చిన నాకు పని నేర్పింది ఆమే. అది ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

తెర మీద ఖవానీజ్ అని పడితే మాత్రం ఆమె వెన్ను నిటారుగా అయ్యేది. అది తన సీటుకు రాకపోతే పక్కవాళ్ల తెర వైపు మెడ చాచేది. మొదట నేను గమనించలేదు. గమనించాక ఊరుకోలేదు.

"ఏందక్కా ఇది? ఆ పిల్ల గొంతు నువ్వు ఇనాల్నంటే ఆ ఇంట్ల ఎవలికో ఏదో కావాలె. గట్ల కోరుకుంటరా ఎవలన్న?" అన్నాను ఒకరోజు బస్సులో, కోపంగానే.

"కోరుకోటం లేదే" అంది. "ఏమీ కాకూడదనే దణ్ణం పెట్టుకుంటాను రోజూ. కానీ ఎప్పటికైనా వత్తే మాత్రం నాకే రావాలంటన్నాను. ఇంకోళ్లకి ఆ ఇల్లు తెలీదు కదే."

ఒక సెలవు రోజున బస్సెక్కి ఆ వీధి దాకా వెళ్లి కూడా వచ్చింది. గేటు రంగు మార్చారట. అవతలి పక్క ఒక్క నిమిషం నిలబడి వెనక్కి వచ్చేసింది. చేతబడి చేసిందన్న మనిషి గేటు దగ్గర కనిపిస్తే ఆ తల్లి ఇంకెంత హడలిపోతుందో ఆమెకు తెలుసు.

అది వచ్చింది రెండు వేల ఇరవై ఐదు రంజాన్‌లో. సాయంత్రపు అసర్ నమాజు అయిన కాసేపటికి. ఇఫ్తార్‌కు అందరూ ఇళ్లకు పరిగెత్తే వేళ, రోడ్లన్నీ కార్లతో నిండిపోయి ఉన్నాయి. ఏడో సీటు మోగింది. నాకు అరబ్బీ అంతంత మాత్రం. అక్కడ ఏం మాట్లాడుకున్నారో పూర్తిగా తెలిసింది తర్వాత రికార్డింగ్ విని, సత్యకుమారక్క విడమరిచి చెప్పాకే. కానీ ఆ క్షణంలో చూసింది మాత్రం నేనే.

ఆడపిల్ల గొంతు. ఖవానీజ్, విల్లా నంబరు తడబడకుండా చెప్పింది. "మా యద్దా సోఫాలోంచి లేవడం లేదు. ఒళ్లంతా చెమటలు. నన్ను మా అత్త పేరుతో పిలుస్తోంది." యద్దా అంటే నాయనమ్మ.

"మెలకువగా ఉందా?"

"కళ్లు తెరిచే ఉంది."

"నీ పేరేమిటమ్మా?"

"షమ్మ."

సత్యకుమారక్క చెయ్యి లేచింది. రూలు ప్రకారమే లేచింది, భుజం దాకా. నేను అందుకోవడానికి మీట మీద వేలు పెట్టి ఆమె వైపు తిరిగాను. నా అరబ్బీ చాలకపోతే వెనక వరసలో అరబ్బీ వచ్చిన ఇద్దరు ఖాళీగానే ఉన్నారు. ఆ చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత మెల్లగా దిగి బల్ల మీదికి వచ్చింది. రెండో చేత్తో దాన్ని గట్టిగా అదిమి పట్టుకుంది. నేను చూశాను. చూసి మీట మీద నుంచి వేలు తీసేశాను. తప్పంటే అందులో సగం నాది.

"ఎన్నేళ్లు నీకు?" అనడిగింది, కార్డులో ఉన్న ప్రశ్న కాబట్టి.

"తొమ్మిది. జూన్‌లో పది." ఏ తేదీయో అడగాల్సిన అవసరం ఈమెకు లేదు.

ఇంట్లో ఇంకెవరూ లేరు. తల్లి, పనమ్మాయి, డ్రైవరు సామాన్లకు వెళ్లారు. తల్లి ఫోను ఎత్తడం లేదు. బండికి ఇంకా పదకొండు నిమిషాలు అని తెర చెబుతోంది.

"యద్దాకు షుగరు ఉందా?"

"నాకు తెలీదు."

తెలీదంటే తర్వాతి ప్రశ్నకు పోవాలని కార్డులో ఉంది. ఆ ఇన్సులిన్ సీసా ఏడేళ్లపాటు తెచ్చిచ్చిన చేతులు కార్డును పక్కకు తోసేశాయి. ఉపవాసంలో షుగరు పడిపోయిందని ఆమెకు అర్థమైపోయింది.

"షమ్మా, ఫ్రిజ్ పక్కన అలమారా ఉంది కదా, కింది అరలో ఖర్జూరపు పాకం సీసా ఉంటుంది. తీసుకురా."

"నీకెలా తెలుసు?"

"అందరి ఇళ్లలోనూ అక్కడే ఉంటుందమ్మా. త్వరగా తే."

పరుగు చప్పుడు. అలమారా తలుపు చప్పుడు. తర్వాత ఏడుపు గొంతు: "యద్దా తాగదు. ఉపవాసం ఉంది. స్పూను పెడితే తల తిప్పేస్తోంది."

"స్పూను వద్దు. నీలం అంచున్న ఫింజాన్‌లో కొంచెం పాకం, కొంచెం నీళ్లు పోసి కలుపు. యద్దా చేతిలో పెట్టు. ఏమీ అడగకు, పెట్టు అంతే."

సత్యకుమారక్క కళ్లు మూసుకుంది. తూలిపోయే మతిలో కూడా ఆ ముసలి చేతికి ఫింజాన్ తెలుస్తుందని ఆమె నమ్మకం. రికార్డింగ్‌లో ఆ మౌనం తొమ్మిది సెకన్లు.

"తాగుతోంది! తనే తాగుతోంది!"

"చిన్న గుక్కలు. మింగుతోందా?"

"మింగుతోంది." మళ్లీ గొంతు తగ్గింది. "యద్దా ఉపవాసం నేను చెడగొట్టానా?"

"లేదు తల్లీ. జబ్బు చేసినవాళ్లకు దేవుడే సెలవిచ్చాడు. లేచాక యద్దానే అడుగు, ఇదే చెబుతుంది."

అవతల తలుపు గంట మోగింది. "వాళ్లే, వెళ్లి తలుపు తియ్యి" అంది.

"నువ్వు ఫోన్లోనే ఉంటావా?"

"ఉంటాను."

పచ్చగుర్తు వెలిగింది. సత్యకుమారక్క హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేసింది. "ఉంటానని సెప్పి తీసేశానే" అంది నాతో, నాలుగేళ్లలో మొదటిసారి సీట్లో కూర్చుని సొంత సంగతి చెబుతూ. అర నిమిషంలో ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఫోను, చెయ్యి మిషన్లో పడ్డ మనిషి. ఎత్తింది. ఎక్కడున్నారని అడిగింది.

పిల్లలు చేసిన ఫోన్లన్నీ పైవాళ్లు వింటారు. నాలుగో రోజున మా ముదీర్, అంటే మేనేజరు, జోర్డాన్ ఆయన, ఆమెను గదిలోకి పిలిచాడు. పావుగంట తర్వాత నన్ను కూడా పిలిచాడు. లోపల సత్యకుమారక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అన్నీ ఒప్పేసుకుంది, దిష్టితో సహా.

"నిన్ను పిలిచింది దానికి కాదు" అన్నాడు ముదీర్ నాతో. "ఈమె హెడ్‌సెట్ తీశాక కూడా ఆ ఫోను పద్దెనిమిది సెకన్లు నడిచింది. అందులో పాప మాట్లాడింది అరబ్బీ కాదు. మా వాళ్లు తెలియని భాష అని రాశారు. నీకేమైనా అర్థమవుతుందేమో విను."

మీట నొక్కి మొదటి నుంచీ వినిపించాడు. చివర్లో స్ట్రెచర్ చక్రాల చప్పుడు, ఎవరో మగగొంతు బీపీ అంకెలు చెప్పడం. వాటికి దగ్గరగా, ఫోను పక్కనే, ఉఫ్‌మని ఊదిన చప్పుడు. తర్వాత ఆ పిల్ల గొంతు, నాయనమ్మతో:

"పోయింది, పోయింది. ఏం లేదు తల్లీ, ఏం లేదు."

ముదీర్ నా మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. నేనే చెప్పాను, అది తెలుగని, పిల్లలకు దెబ్బ తగిలితే మా అమ్మలు అనే మాటని.

ఆయన హెచ్చరిక కాగితం ఆమె ముందుకు జరిపాడు. ఇంకోసారి ఇలా చేస్తే ఉద్యోగం ఖలాస్ అని అందులో ఉంది. ఆమె చదవకుండానే సంతకం పెట్టింది. అప్పుడు ఆయన, ఎక్కడో గోడకు చెబుతున్నట్టుగా, "ఆ పెద్దావిడ మర్నాడే ఇంటికి వెళ్లింది" అన్నాడు. చివరి రూలు ఆయనే తప్పాడు. ఆ రూలు రాసినవాళ్ల మీద నాకున్న కోపం ఆ రోజుతో సగం పోయింది.

సత్యకుమారక్క లేవలేదు. "ఇంకొక్కసారి పెడతారా సార్?" అని అడిగింది, అరబ్బీలో, సీట్లో మాట్లాడే నెమ్మదైన గొంతుతో. పెట్టాడు. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ పెట్టాడు.

బస్సులో నా పక్కన కూర్చుంది. దిగే ముందు, "ఆ మాటలు ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే ఏం సెప్తాదే?" అంది.

అబద్ధం చెప్పాలనుకున్నాను. రాలేదు. "తెల్వదంటదక్కా. నాలుగున్నరేండ్ల పిల్లకు నీ మొకం యాడ యాదుంటది?"

"అవును. తెలీదనే అంటాది." తల ఊపింది, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గది తాళం తీస్తుంటే మళ్లీ అడిగింది.

"ఆ రికార్డింగులు ఎన్నాళ్లుంచుతారే మనోళ్లు?"

"ఐదేండ్లు. అటెనుక తీసేస్తరు."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "అప్పటికి దానికి పదిహేను నిండబోతాయి" అంది. "అయితే ఐదేళ్లు దాని గొంతూ నా గొంతూ ఒకే సోట ఉంటాయన్నమాట."